ఆరువందల గజాల నామం

మా ఇంట్లో గురి మా ఆవిడది, తూటా నాది. ఈ పని విభజన పెళ్ళినాటి ఒప్పందాల్లో లేదు. వాటి ప్రకారం వంట తనది, గిన్నెలు నావి. తుపాకీ ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది, గ్రీన్ కార్డు లాగే, ఇక రాదులే అనుకున్నాక.

అప్పటికి మేము ఆష్‌బర్న్‌లో స్థిరపడి చాలా ఏళ్ళయింది. మా ఆవిడ ఒక డేటా సెంటర్‌లో డేటాబేసులు చూసుకునేది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉండేవాణ్ణి. అంటే, తప్పు ఎక్కడో ఉందనీ, అది తప్పకుండా వేరేవాళ్ళ దగ్గరే ఉందనీ నమ్మి జీతం తీసుకునే వృత్తి. ఒకసారి ఆవిడ మేనేజరు, టీములో సఖ్యత పెంచాలని, అందర్నీ ఒక షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళాడు. సాయంత్రం ఇంటికొచ్చాక ఎలా ఉందని అడిగితే, బాగుంది, ప్రశాంతంగా ఉంది అంది. తుపాకులు పేలే చోటు గురించి అలా చెప్పిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. చెవులకి మూతలు పెట్టుకున్నాక ఎవరూ పలకరించరు, అదీ ఆవిడ ఉద్దేశం. మేనేజరు కాగితం మీదకంటే తన కాగితం మీద చిల్లులు దగ్గరదగ్గరగా పడ్డాయన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆ ఏటి అప్రైజల్ చూశాక నాకే అర్థమైంది.

గ్రీన్ కార్డు వచ్చాక మనవాళ్ళు మామూలుగా ఇల్లు కొంటారు. ఇల్లుంటే అది అమ్మి ఇంకా పెద్దది కొంటారు. మేము రైఫిల్ కొన్నాం. పొడుగ్గా, బరువుగా, వేటకీ యుద్ధానికీ పనికిరాని రైఫిల్. దాంతో చేయగలిగింది ఒకటే: నేలమీద చాప పరుచుకుని బోర్లా పడుకుని, ఆరువందల గజాల అవతల నిలబెట్టిన కాగితానికి చిల్లు పెట్టడం. ఆ కాగితం మధ్యలో ఉండే వలయం ఒక పూరీ అంత. దాని లోపల ఇంకో వలయం, గారె అంత. ఆరువందల గజాల దూరం నుంచి మామూలు కంటికి పూరీ, గారె ఏమీ కనబడవు. కాగితం ఉందని నమ్మడమే. నేను రెండుసార్లు ప్రయత్నించి, వెనకాల ఉన్న మట్టికట్టకి తగిలించగలిగాను. అది ఒక చిన్న కొండంత కట్ట. అప్పట్నుంచి కాల్చడం పూర్తిగా ఆవిడకే వదిలేశాను.

మేము చేరిన క్లబ్బు పడమటివైపు కొండల దగ్గర, పొలాల మధ్య ఉండేది. కెప్టెన్, విమానాల రిపేరులో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయన ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య చాలా ఖాళీ వదిలేవాడు. మొదట్లో ఫోన్లో మాట్లాడేటప్పుడు లైన్ కట్ అయిందనుకుని నేను రెండుసార్లు పెట్టేశాను. క్లబ్బుకి నలుగురి టీమ్ ఒకటుంది. ఏటా నవంబర్లో స్టేట్ మ్యాచ్‌కి వెళ్తుంది. ముగ్గురి సీట్లు దాదాపు వంశపారంపర్యం. నాలుగో ఆయన మోకాళ్ళ నొప్పులతో ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. ఆ ఖాళీకి మిగిలింది ఇద్దరు: ఒక పళ్ళ డాక్టరు, మా ఆవిడ.

మా ఆవిడ ఏదైనా కావాలని అడగడం చాలా అరుదు. ప్రమోషన్ కూడా వాళ్ళే ఇస్తే తీసుకుంది తప్ప అడగలేదు. అలాంటిది ఒక ఆదివారం రేంజ్ నుంచి తిరిగొస్తుంటే, కారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ ఫోర్త్ సీట్ నాకు కావాలి" అంది. నేను రేడియో ఆపేశాను. పెళ్ళయిన పన్నెండేళ్ళలో అలాంటి వాక్యం ఆవిడ నోట విన్నది అదే మొదలు.

ఆ సీటు సగం నా చేతుల్లో ఉందని నాకు వెంటనే అర్థమైంది. అంతగా సంతోషం కలగలేదు.

కారణం ఏమిటంటే, కొట్లో కొన్న తూటాలు ఆరువందల గజాలకి పనికిరావు. ఒకదానికొకటి అన్నదమ్ముల్లా ఉంటాయి, అంటే పైకి ఒకేలా ఉండి లోపల తేడాలు. అందుకని ఈ ఆట ఆడేవాళ్ళు తూటాలు ఇంట్లోనే తయారు చేసుకుంటారు. తూటా అంటే నాలుగు వస్తువులు: ఒక ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ, లోపల పౌడరు, మూతిలో బిగించిన బుల్లెట్టు. కాల్చాక గొట్టం మనకే మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, సరైన కొలతకి నొక్కి, మళ్ళీ నింపుకోవచ్చు. పౌడరు ఒక పిసరు ఎక్కువైతే బుల్లెట్టు కాస్త వేగంగా పోయి కాగితం మీద పైన తగులుతుంది. తక్కువైతే కింద. పిసరు అంటే నిజంగా పిసరే, గురివింద గింజ ఎత్తులో పదోవంతు తేడా వచ్చినా కాగితం పట్టేస్తుంది.

ఈ పని నాకు నచ్చింది. ఎవరూ లేని గరాజ్‌లో, బల్లముందు కూర్చుని, ఒకే పనిని ఒకేలా మళ్ళీ మళ్ళీ చెయ్యడం. ఆఫీసులో కూడా అదే చేస్తాను గాని, అక్కడ మీటింగులుంటాయి. ఇత్తడి గొట్టాలన్నీ తూచి, బరువులో కలవనివి పక్కన పెట్టేవాణ్ణి. పెళ్ళిచూపుల్లో కూడా అంత వడపోత జరగదు. మొదట ఒక ఎలక్ట్రానిక్ త్రాసు కొన్నాను. దాని సున్నా కాసేపటికి అటూ ఇటూ పాకుతోందని వాపసు ఇచ్చేసి, పాతకాలపు దూలం త్రాసు తెచ్చుకున్నాను. నగల కొట్లో ఉండేలాంటిది. ఒక చివర చిన్న పళ్ళెం, రెండో చివర ముల్లు. ముల్లు గీత మీద నిలిస్తే సరి. కరెంటు అక్కర్లేదు, అప్‌డేట్లు ఉండవు, అబద్ధం చెప్పదు.

ఆ వేసవి అంతా ప్రయోగాలతోనే గడిచింది. పౌడరు కొద్దికొద్దిగా మారుస్తూ నేను నింపడం, శనివారం ఆవిడ కాల్చడం, ఇద్దరం కాగితం ముందు నిలబడి చిల్లులు చూడటం. కొన్ని వారాలు చిల్లులు అంతటా చల్లినట్టు పడ్డాయి. కొన్ని వారాలు రెండు గుంపులుగా పడ్డాయి, మన సంఘాల్లాగా. బుల్లెట్టును గొట్టంలోకి ఇంకాస్త లోపలికి నొక్కి చూశాం, బయటికి లాగి చూశాం. ఆగస్టులో ఒక పొద్దున అయిదు తూటాలూ గారె లోపల పడ్డాయి. ఆవిడ స్పాటింగ్ స్కోపు అనే దుర్బిణిలోంచి చాలాసేపు చూసి "ఓకే" అంది. ఆవిడ నిఘంటువులో అంతకంటే పెద్ద మాట లేదు. నేను ఆ కొలతలు రాసి పెట్టుకున్నాను. ఇక చెయ్యాల్సింది అదే కొలతతో ఇంకో యాభై తూటాలు నింపడం, అంతే.

అది 2013. ఆ ఏడాది దేశమంతా తూటాల సరుకు దొరకలేదు. చట్టాలు మారతాయని భయపడి జనం కనిపించినవన్నీ కొని దాచుకున్నారు. పౌడరు కోసం మూడు రాష్ట్రాల కొట్లకి ఫోన్లు చేశాను. మా దగ్గరున్న డబ్బాలో సరిగ్గా ఇంకో యాభై తూటాలకి సరిపడా మిగిలింది. వేరే రకం పౌడరు తెస్తే వేసవి మొత్తం మళ్ళీ మొదలుపెట్టాలి. అందుకని ఆ డబ్బాని నేను కుంకుమపువ్వులా చూసుకున్నాను.

సెప్టెంబర్లో మా అత్తగారు వచ్చారు. హైస్కూల్లో తెలుగు పంతులమ్మగా చేసి రిటైరయ్యారు. వచ్చిన మర్నాడు గరాజ్‌లో రైఫిల్ చూసి, "ఇటు అడవి పందులొస్తాయా అమ్మా?" అని అడిగారు. కాగితానికి కొట్టడానికని కూతురు చెప్పింది. ఆవిడ రైఫిల్ వంకా, కూతురి వంకా, చివరికి నా వంకా చూశారు. వారం తిరక్కుండానే గుంటూరులో ఉన్న చెల్లెలికి ఫోన్లో, మా అమ్మాయి స్టేట్ లెవెల్ పోటీలకి వెళ్తోందే అని చెప్పడం విన్నాను. దేంట్లోనో చెప్పలేదు. అవతలివాళ్ళు అడిగినట్టు కూడా లేదు.

కెప్టెన్ సెలక్షన్ పెట్టిన శనివారం దసరా తర్వాత వచ్చింది. యాభై తూటాలూ విజయదశమి రోజునే నింపమని అత్తగారు అన్నారు. ఆ రోజు చేపట్టిన పని గెలుస్తుందట. నాకు అభ్యంతరమేమీ లేదు. ఆ రోజు ఎలాగూ సెలవు పెట్టాను. ఆయుధపూజ కూడా చేద్దామన్నారు. దానికి కూడా ఒప్పుకున్నాను. ఆష్‌బర్న్‌లో ఆ రోజు ప్రతి ఇంటిముందూ కార్ల చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, లాప్‌టాప్‌లకి బొట్లు పెడతారు. నిజంగా ఆయుధం ఉన్న ఇంట్లో పూజ మానేయడం ఏం బాగుంటుంది?

నేను ఒక్క షరతు పెట్టాను, గరాజ్‌లో కర్పూరం వెలిగించకూడదని. పౌడరు డబ్బా ఇంట్లోకి తీసుకెళ్ళి అలమరలో పెట్టాక కూడా ఆ షరతు సడలించలేదు. కాసేపు మాట్లాడుకున్నాక రాజీ కుదిరింది. గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి, అత్తగారు డ్రైవ్‌వేలో నిలబడి, దూరం నుంచే హారతి ఇచ్చారు. కుక్కని తిప్పుతూ వెళ్తున్న పక్కింటాయన ఆగి, చెయ్యి ఊపాడు. అత్తగారు హారతి పళ్ళెం ఆయనవైపు కూడా తిప్పారు. ఆయనకేం చెయ్యాలో తెలియక థాంక్యూ అన్నాడు.

హారతికి ముందు బొట్లు పెట్టారు. రైఫిల్ కట్టెకి ఒకటి. నొక్కే ప్రెస్‌కి ఒకటి. కొలిచే కాలిపర్‌కి, గరాటుకి, ఇత్తడి గొట్టాలుంచిన ట్రేకి. త్రాసు పళ్ళేనికి కూడా, బయటివైపు, రోజ్‌వాటర్‌లో కలిపిన చిక్కటి గంధం, దాని మధ్య కుంకుమ. అత్తగారి చెయ్యి ఉదారమైనది. పూజ చేసిన బొట్టు ఆ రోజే తుడిచెయ్యడం మా ఇళ్ళల్లో లేదు. అది అత్తగారు చెప్పక్కర్లేదు, నాకే మనసొప్పలేదు. అయితే నేను ఇంజినీర్ని కూడా. పులిహోర తిని గరాజ్‌లోకి వచ్చి, మొదట చేసిన పని త్రాసు సరిచెయ్యడం. బొట్టుతో సహా పళ్ళెం పెట్టి, వెనకున్న మర తిప్పి, ముల్లుని సున్నా మీద నిలిపాను. గంధం బరువు లెక్కలోంచి పోయింది. భక్తికీ భౌతికశాస్త్రానికీ ఒకే తిప్పుతో న్యాయం చేశానని కాస్త గర్వంగా కూడా అనిపించింది.

మామూలుగా పదేసి తూటాలకోసారి ఖాళీ పళ్ళెం పెట్టి సున్నా చూసుకుంటాను. ఆ రోజు అత్తగారు మడత కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకుని, మొదట్నుంచి చివరిదాకా నా పక్కనే కూర్చున్నారు. ఆవిడ స్వయంగా పూజ చేసిన త్రాసుని ఆవిడ కళ్ళముందే పదేపదే అనుమానించడం మర్యాదగా అనిపించలేదు. నింపుకుంటూ పోయాను. మొదటి తూటా పెట్టె మొదటి వరసలో, చివరిది చివరి వరసలో. సాయంత్రానికి యాభై అయ్యాయి, డబ్బా ఖాళీ అయింది. అత్తగారు లేచి, చక్కగా చేశారు బాబూ అన్నారు.

ఆ శనివారం గాలి తెరలు తెరలుగా వీచింది. కెప్టెన్ పద్ధతి ఒకటుంది. పది తూటాలు. మధ్యలో రైఫిల్ మీది స్కోపు తిప్పి గురి సరిచేసుకోకూడదు. ఎక్కడ తగిలిందో అవతల కాగితం దగ్గరుండేవాళ్ళు చూపించరు. ప్రతి దెబ్బ తర్వాతా కాల్చినవాళ్ళే, అది ఎక్కడ పడిందనుకుంటున్నారో చెప్పాలి. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని రాసుకుంటాడు. అన్నీ అయ్యాక కాగితం తెప్పిస్తాడు. మనిషి చెప్పిందీ కాగితం చెప్పిందీ ఒకటే అవుతాయా అన్నదే ఆయన చూసేది. స్కోరు ఆ తర్వాత.

పళ్ళ డాక్టరు ముందు కాల్చాడు. ఆయన చిల్లుల గుంపు అందంగా లేదు గాని గుండ్రంగా ఉంది, చెప్పినచోట్లకి దగ్గరగానే ఉంది. తర్వాత మా ఆవిడ. పెట్టెలో ఏ మూలా అన్యాయం కాకూడదని ప్రతి వరసలోంచీ రెండేసి తీసుకుంది. పదిసార్లు కాల్చింది. పదిసార్లూ "సెంటర్" అంది. ఆవిడ గొంతులో నాకు ఎక్కడా అనుమానం వినబడలేదు.

కాగితం వచ్చింది. చిల్లులన్నీ పూరీ కింది అంచు నుంచి పై అంచు దాటేదాకా, నిటారుగా, ఒక గీత గీసినట్టు ఉన్నాయి. అడ్డంగా చూస్తే రెండు వేళ్ళ వెడల్పు లేదు. అంత గాలిలో అలా ఎవరూ కాల్చరు. నిలువుగా చూస్తే జానెడు పైనే ఉంది. కెప్టెన్ చాలాసేపు చూశాడు. ఆయన మౌనాలకి నేను అలవాటు పడ్డానని అనుకున్నాను గాని, అది వేరే రకం.

గాలిని ఇలా చదవగలిగినవాళ్ళు తన క్లబ్బులో ఇంకొకరు లేరని ఆయన చివరికి అన్నాడు. కానీ నిలువు తేడా కాల్చేటప్పుడు బిగబట్టని ఊపిరి వల్లన్నా వస్తుంది, తూటా వల్లన్నా వస్తుంది. ఊపిరైతే, ఆవిడకి తన దెబ్బ ఎక్కడ పడుతోందో తెలియడం లేదన్నమాట. అలాంటివాళ్ళని టీములో పెట్టుకోలేనన్నాడు. వచ్చే శనివారం ఇంకొక్కసారి కాల్చనిస్తాను, ఈలోపు ఏదో తేల్చుకోండి అని చెప్పి, మా ఇద్దరినీ చూశాడు. ఊపిరి ఆవిడది. తూటా నాది.

ఇంటికి బయల్దేరాం. నేను ఒక టెస్టరు చెయ్యాల్సిన పనే చేశాను. చివర్లో అలిసిపోయి ఊపిరి బిగబట్టడంలో ఏమన్నా తేడా వచ్చిందేమో అని, వీలైనంత మృదువుగా అడిగాను.

"మీరు డ్రైవ్ చెయ్యండి" అంది.

మా ఆవిడ నన్ను 'మీరు' అనేది రెండు సందర్భాల్లో. ఒకటి, వాళ్ళమ్మ ఎదురుగా ఉన్నప్పుడు. అప్పుడు కారులో వాళ్ళమ్మ లేరు.

ఇంట్లో కాగితం వంటింటి గట్టు మీద పెడితే అత్తగారు వచ్చి చూశారు. తెల్లకాగితం మీద నల్లటి వలయం, దాని నడిమధ్యన నిటారుగా చిల్లుల గీత. కళ్ళజోడు సవరించుకుని, "స్వామి నామం పడిందే!" అని చేతులు జోడించారు. వద్దమ్మా అని కూతురు అనేలోగా దాన్ని తీసుకెళ్ళి దేవుడి గూట్లో, వెంకటేశ్వరస్వామి పటం పక్కన నిలబెట్టారు. రాత్రి భోజనాలప్పుడు ఆ గూటివైపు మేమిద్దరం చూడలేదు.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ పెట్టె తీసుకుని కారెక్కింది. పిలవకపోయినా నేనూ వెళ్ళాను. రేంజ్‌లో రెండు కాగితాలు పెట్టించింది. మొదటి వరసలో మిగిలిన తూటాలు ఒకదాని మీద, చివరి వరసలో మిగిలినవి రెండోదాని మీద కాల్చింది. మొదటి కాగితం మీద చిల్లులన్నీ కింద, ఒకే గుంపుగా. రెండోదాని మీద అన్నీ పైన, ఒకే గుంపుగా. రెండు గుంపులూ గారె అంతే ఉన్నాయి. ఊపిరి మనిషిది, వరస చూసి మారదు.

"మొదటి వరసకీ చివరి వరసకీ మధ్య ఏం మారింది?" అంది.

"ఏం మారలేదు."

"డెవలపర్లు నీకు చెప్పేది కూడా ఇదే కదా."

మళ్ళీ 'నువ్వు' లోకి వచ్చినందుకు సంతోషించాలో, అన్నదానికి బాధపడాలో తెలియలేదు. దారంతా ఆలోచించాను. గరాజ్ చలి, నా అలసట, డబ్బా అడుగున పౌడరు కుదురుకోవడం. ఒక్కోటీ చెప్తుంటే ఆవిడ ఒక్కోటీ కొట్టేసింది. చివరికి, "త్రాసు చూశావా?" అంది. ముందే సరిచేశానని చెప్పాను. ముందు సంగతి కాదు, తర్వాత చూశావా అంది.

గరాజ్‌లో పళ్ళెం తీసి మళ్ళీ పెట్టాను. ముల్లు సున్నా మీద లేదు. పళ్ళెం తేలికైపోయి పైకి లేచింది. తిప్పి చూస్తే, వెనకాల గంధం ఎండిన చెరువులా బీటలు తీసి ఉంది. ఒక పెచ్చు ఊడి నా గోరు మీద పడింది.

నేను సున్నా సరిచేసినప్పుడు గంధం తడిగా ఉంది. నేను నింపుతున్నంతసేపూ అది ఆరుతూ వచ్చింది. పళ్ళెం తేలికవుతున్నకొద్దీ, ముల్లుని గీత మీదకి తేవడానికి ఒక్కో పిసరు పౌడరు ఎక్కువ పోస్తూ వచ్చాను. యాభై తూటాలు, ఒకదానికంటే ఒకటి రవ్వంత బలంగా. భక్తి బరువుని లెక్కలోకి తీసుకున్నాను గాని, అది ఆరుతుందని తీసుకోలేదు. సున్నా పాకుతోందని ఎలక్ట్రానిక్ త్రాసుని వాపసు ఇచ్చినవాణ్ణి నేనే.

మా ఆవిడ ఆ పెచ్చు వంక చాలాసేపు చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "అమ్మకి చెప్పకు" అంది, అంతే.

కొత్త పౌడరు లేదు. మిగిలిన తూటాలన్నీ విప్పి, పౌడరు మళ్ళీ తూచి, మళ్ళీ నింపడం ఒక్కటే దారి. దానికో ప్లాస్టిక్ సుత్తి ఉంటుంది. తూటాని దాని తలలో బిగించి, చెక్కదుంగ మీద గట్టిగా కొడితే, బుల్లెట్టూ పౌడరూ ఊడి సుత్తి కడుపులో పడతాయి. సోమవారం ఆఫీసు నుంచి రాగానే పళ్ళెం శుభ్రంగా కడిగి ఆరబెట్టి, ఆ పని మొదలుపెట్టాను. మా ఆవిడ బల్ల అవతలివైపు కూర్చుని, ఊడినవాటిని వేరుచేస్తోంది. నాలుగు దెబ్బలకే అత్తగారు టీ పట్టుకుని వచ్చారు.

"ఏం బాబూ, కట్టినవి మళ్ళీ విప్పుతున్నారు?"

క్వాలిటీ చెక్ అనీ, మా ఆఫీసులోనూ ఇంతే అనీ చెప్పాను. ఆవిడ నా మాట విన్నట్టు లేదు. బల్లమీద ఉన్న పరికరాలన్నీ వరసగా చూశారు. ప్రెస్ మీద బొట్టు ఉంది. కాలిపర్ మీద ఉంది. పళ్ళెం మీద లేదు.

"పళ్ళెం కడిగారు."

ఆవిడ టీ గ్లాసులు బల్ల అంచున పెట్టారు. గొంతు తగ్గించి, "నా బొట్టు వల్ల దాని సీటు పోయిందా?" అని అడిగారు.

ఆ ప్రశ్న కూతుర్ని కాదు, నన్నే. సీటు సంగతి ఆవిడకి అంత తెలుసని నేననుకోలేదు.

"నీ బొట్టు వల్ల కాదమ్మా, ఆయన లెక్క వల్ల" అంది మా ఆవిడ. "ఇంకా పోలేదు కూడా."

నేను సంగతంతా చెప్పాను, తడి గంధంతో సహా. అత్తగారు శ్రద్ధగా విన్నారు. తరగతిలో చివరి బెంచీ పిల్లవాడి జవాబు వినేటప్పుడు ఆవిడ అలాగే వినేవారేమో. అంతా అయ్యాక, "గంధం ఆరకుండా ఎక్కడుంటుంది బాబూ?" అన్నారు. కోపంగా కాదు, జాలిగా.

తర్వాత కొంగు నడుముకి దోపుకుని, సుత్తి ఇమ్మని చెయ్యి చాపారు. కళ్ళజోడు మీద రక్షణ కోసం పెద్ద ప్లాస్టిక్ కళ్ళజోడు పెట్టాను. నేను రెండు మూడు దెబ్బలు వేస్తే గాని ఊడని తూటా, ఆవిడకి ఒక్క దెబ్బకే ఊడింది. కొబ్బరికాయలు కొట్టిన చెయ్యి. ప్రతి దెబ్బ తర్వాతా సుత్తిని కూతురికి అందించి, ఇంకో తూటా కోసం నా వైపు చూసేవారు. మొత్తం అయ్యేదాకా టీ ముట్టుకోలేదు.

ఈసారి నేను ప్రతి తూటాకీ ముందు సున్నా చూశాను. అత్తగారు పక్కనే ఉన్నారు. మర్యాద సంగతి ఎవరూ ఎత్తలేదు.

శనివారం అత్తగారు కూడా వస్తానన్నారు. పట్టుచీర మీద నా చలికోటు, పాదాలకి సాక్సులూ స్నీకర్లూ, చెవులకి ఎర్రటి మూతలు. కెప్టెన్ లేచి నిలబడి టోపీ తీశాడు. ఆవిడ నమస్కారం పెట్టారు. ఆయన తన స్టూలు ఆవిడకిచ్చి, తను గడ్డిమీద కూర్చున్నాడు. ఆయన ఆ స్టూలు ఇంకెవరికైనా ఇవ్వడం క్లబ్బులో ఎవరూ చూడలేదట, పళ్ళ డాక్టరు నాతో తర్వాత చెప్పాడు.

గాలి పోయినవారంకంటే ఎక్కువగా ఉంది. మా ఆవిడ చాపమీద పడుకుని, చెంప కట్టెకి ఆనించి, చాలాసేపు కదల్లేదు. నేను వెనకాల నిలబడ్డాను. నాకు చెయ్యడానికి ఏ పనీ లేదు, అదే కష్టంగా ఉంది. ఆవిడ కాల్చడం మొదలుపెట్టింది. సెంటర్ అంది. మళ్ళీ సెంటర్. ఒకదానికి కొంచెం కుడికి అంది. మళ్ళీ సెంటర్. కెప్టెన్ రాసుకుంటున్నాడు. పోయినవారం కూడా ఆవిడ ఇంత ధీమాగానే చెప్పిందని నాకు గుర్తుంది, ఆయనకీ గుర్తుంటుంది.

చివరిది పేలగానే ఆవిడ తల ఎత్తలేదు. కాస్త ఆగి, "లో" అంది, కింద పడిందని. ఆగి, "లో, కొంచెం లెఫ్ట్. చాలా లో" అంది.

మళ్ళీ నిలువు తేడా. తూటానా? విప్పి నింపినప్పుడు ఆ ఒక్కటి ఏమన్నా తప్పానా? కాగితం వచ్చేదాకా మనసులోనే ఆ తూటాని మూడుసార్లు మళ్ళీ నింపాను.

కాగితం తెచ్చి కెప్టెన్ ముందు పెట్టారు. తొమ్మిది చిల్లులు గారె చుట్టూ, ఒక గుండ్రటి గుంపుగా. కుడికి అన్నది కుడికే ఉంది. పదోది కింద, కొంచెం ఎడమకి, పూరీ అంచు బయట. ఆయన రాసుకున్నదీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కటే వేలితో చూసుకుంటూ వచ్చాడు. పదో దాని దగ్గర వేలు ఆగింది. ఆయన పెన్నుతో పెట్టుకున్న చుక్కా, కాగితం మీద చిల్లూ ఒక్కచోటే ఉన్నాయి.

స్కోరు లెక్కపెడితే పోయినవారం పళ్ళ డాక్టరు కొట్టినదే ఒక పాయింటు ఎక్కువ. కెప్టెన్ ఆ సంగతి కూడా పైకి చదివాడు. తర్వాత ఆయన మామూలు మౌనం ఒకటి నడిచింది. అత్తగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. ఏమైందని అడగలేదు, పట్టుకున్నారంతే.

నవంబర్ మొదటి శనివారం ఖాళీ ఉంచుకోమని ఆయన మా ఆవిడతో అన్నాడు. పళ్ళ డాక్టరు వచ్చి ఆవిడకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. నేను అత్తగారికి తెలుగులో చెప్పాను. అయిపోయిందా, ఇంతేనా అని ఆవిడ అడిగారు. అంతేనని చెప్పాను. చెవుల మూతలు తీసి కెప్టెన్‌కే ఇచ్చేశారు, అవి ఆయనవి కాకపోయినా.

తిరిగొస్తుంటే అత్తగారు వెనకసీట్లో నిద్రపోయారు. ఆవిడ వినడం లేదని నిర్ధారించుకుని, నేను ఊరుకోలేక, పదో తూటా సంగతి ఎత్తాను. ఆ ఒక్క గొట్టం మిగతావాటికంటే కాస్త పాతదని, దాని మూతి బిగువు సరిగ్గా లేకపోయి ఉండొచ్చని, సీటు వచ్చింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా ఒప్పుకోవచ్చని అన్నాను.

"అది తూటా కాదు" అంది మా ఆవిడ. "అదే చివరిదని గుర్తొచ్చి ట్రిగ్గర్ గబుక్కున లాగేశాను. అది అచ్చంగా నేనే."

ఎంత సంతోషంగా అందంటే, నేను ఇంకేమీ అనకుండా డ్రైవ్ చేశాను.